రెండో చరణానికి లేచాం

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఆళ్లగడ్డ చర్చిలో నీ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారంటే నంద్యాల నుంచి పొద్దుటి బస్సుకే వచ్చాను.

ఈ మధ్య నాకూ నీలాగే లేచి నిలబడితే తల తిరుగుతోంది. డాక్టరు మెల్లగా లెమ్మని చెప్పాక, నువ్వు రోజూ మంచం అంచున కాళ్లు కిందికి వేసి కూర్చుని, పాటలో ఒక చరణం పూర్తిగా పాడాకే లేచేదానివి. నాకంత ఓపిక ఎక్కడిది!

చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. పాటకు అందరినీ లేవమని అయ్యగారు అనగానే, నీ చెల్లెలు బద్ధకస్తురాలు అనుకుంటారేమోనని గబుక్కున లేచాను. గోడలు గిర్రున తిరిగాయి. పక్కనున్న ముసలామె నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"యాడికి లేస్తాండావ్ చెల్లెమ్మా? మొదటి చరణం ముసలోళ్లం కూచోనే పాడతాం. రెండోదానికి లేస్తాం."

"అయ్యగారు ఏమీ అనరా?"

"మీ అక్క పెట్టిన పద్ధతే ఇది. కూచోని పాడినా దేవునికి ఇనపడతాదిలే అని అయ్యగారికే చెప్పింది."

అచ్చం నువ్వే!

చూస్తే తలనెరిసిన వాళ్లంతా చాపల మీదే కూర్చుని గట్టిగా పాడుతున్నారు. రెండో చరణం ఎత్తుకోగానే ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెల్లగా లేచాం. ఈసారి గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నోరు తెరిచాను గానీ, పాట రాలేదక్కా.

రేపు పొద్దున మంచం అంచున కూర్చుని, ఆ మొదటి చరణం నీకు పాడే లేస్తాను.

నీ చెల్లెలు