రాజధాని తెలుగు

కర్నూలు, 10-11-1953

ప్రియమైన నారాయణప్పకు సలాం,

రాజధాని వచ్చాక మా ఊరి తీరే మారిపోయింది! ఆఫీసులన్నీ గుడారాలలో, ఆ గుడారాల నోటీసులన్నీ మా ప్రెస్సులో. అక్షరాలు పేర్చలేక చస్తున్నాను. నువ్వు బడిలో చదువు చెప్పినవాళ్లలో గుణింతం తప్పనివాళ్లు ఒకరుంటే వెంటనే పంపు. కంపోజింగ్ నేను నేర్పుతాను.

నీ నబీ సాహెబ్

బద్వేలు, 14-11-1953

ప్రియమైన నబీ,

విశ్వాసమ్మను పంపుతున్నాను. ఆడపిల్లకు అచ్చుపనేమిటని కడపలో రెండు ప్రెస్సులవాళ్లు తిప్పి పంపారు. నువ్వూ కాదంటే ఇంకెవరినీ అడగనంటోంది. కాస్త ఓపికగా నేర్పు.

నీ నారాయణ

కర్నూలు, 9-12-1953

ప్రియమైన నారాయణా,

నీ శిష్యురాలు నా పరువు తీసింది! చేతిరాత కాగితం నేను పైకి చదువుతుంటే చకచకా పేర్చింది. చెయ్యి చురుకని మురిసిపోయాను. ప్రూఫు నేనే చూశాను, తప్పొక్కటీ కనపడలేదు. తీరా ఐదు వందల నోటీసులు అచ్చయ్యాక ఆఫీసువాళ్లు కట్ట తిప్పి పంపారు. "ఆఫీసు గుడారంలో ఉన్నది" అనవలసినచోట "గుడారంలో ఉండాది" అని ఉందట!

"నెలాఖరుకు ఆ పిల్లను బద్వేలు బస్సెక్కియ్యప్పా" అన్నాడు యజమాని తిమ్మయ్య. నాకేమీ తోచడం లేదు.

నీ నబీ

బద్వేలు, 12-12-1953

ప్రియమైన నబీ,

పడీ పడీ నవ్వాను, కోపం తెచ్చుకోకు. కాగితం పైకి చదివింది నువ్వే కదా! కలం పడితే నువ్వు పండితుడివి, నోరు తెరిస్తే మీ నందికొట్కూరు యాసే. ఎవరినైనా పక్కన నిలబెట్టుకుని ఆ నోటీసు మళ్లీ చదువు. ఆమెను బస్సెక్కించకముందే చదువు.

నీ నారాయణ

కర్నూలు, 16-12-1953

ప్రియమైన నారాయణా,

యజమానినే నిలబెట్టి చదివాను. "ఆపప్పా! ఉండాది అంటివే!" అన్నాడు. అనలేదని ఒట్టేసి మళ్లీ చదివాను. మళ్లీ అదే! ఇరవై ఏళ్లుగా నా మాట నాకే వినపడలేదు. ఇక ప్రూఫులో మాత్రం ఏం కనపడుతుంది?

సిగ్గుపడుతూ విశ్వాసమ్మను అడిగాను, "తెలిసి తెలిసి ఎట్ల పేరిస్తివమ్మా?" అని.

"పుస్తకాల్లో 'ఉన్నది' అని ఉంటాదని తెలుసు చిన్నాయనా. రాజధాని ఈడికే వచ్చె గదా, ఇంగ సర్కారు తెలుగు గూడా మనదే అయ్యింటాదిలే అనుకొంటి" అంది.

తిమ్మయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఉద్యోగం ఖాయమైంది నారాయణా! మా ప్రెస్సులో అచ్చుకు ముందే ఆ తేడా కనిపెట్టింది ఆమె ఒక్కతే కాబట్టి ఇకమీదట ప్రూఫులన్నీ ఆమే దిద్దాలట. పొద్దున నా పనిలో మూడు తప్పులు పట్టింది. ఇంత సంతోషంగా నేనెప్పుడూ తప్పు ఒప్పుకోలేదు.

నీ శిష్యురాలికి శిష్యుడు,
నబీ సాహెబ్