బొగ్గు ఛాతీ మీద మచ్చ

ఫిబ్రవరి 2, ఆదివారం

సమస్త శునక జాతికీ, కెన్నెల్ క్లబ్ కార్యవర్గానికీ, నాకు జువాలజీ చెప్పిన లెక్చరర్లకూ శతకోటి క్షమాపణలు. ఇకమీదట ఈ పేజీల్లో ఒక ఘోరమైన ద్రోహం జరగబోతోంది. చేయబోయేది నేనే. పశ్చాత్తాపంతో ఇప్పటికే కుమిలిపోతున్నాను. కుమిలిపోతూనే రెండో కప్పు కాఫీ కూడా తాగాను.

విషయం ఇది. ఈరోజు డాగ్ షోలో నాన్న మా బొగ్గును తీసుకుని రింగులోకి దిగాడు. బొగ్గు నల్ల లాబ్రడార్, మగవాడు. బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా నాన్న రిటైరయ్యాక, మా ఇంట్లో ఆయన చెప్పిన టైముకు లేచే శాల్తీ వాడొక్కడే. నాన్న చొక్కా టక్ చేసుకోవడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.

జడ్జి వచ్చాడు. కోర్టు జడ్జి కాదు, కుక్కల జడ్జి. ఆ తేడా ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు. బొగ్గు పళ్ళు చూడలేదు, నడక చూడలేదు. ఛాతీ మీద చొక్కా గుండీ అంత తెల్ల మచ్చ ఉంటుంది. దాని మీద చేతికర్ర ఆనించి, ఇది వీధి రక్తమయ్యా, ఇంటికి తీసుకుపో అన్నాడు. మైకులో అన్నాడు. జనం నవ్వారు. బొగ్గు తోక ఊపాడు, పొగిడారనుకుని.

ఆ మాత్రం మచ్చ ఉండొచ్చని రూల్సు పుస్తకంలోనే ఉంది. నేను చదివాను. ఆయన చదవలేదు.

ఫిబ్రవరి 6

కుక్కలకు జోడీలు కుదర్చడం నా ఉద్యోగం. అక్క దీన్ని ఉద్యోగం అనదు. పెళ్ళిళ్ళ పేరయ్యకి డిగ్రీ ఎందుకురా, గొడుగు చాలు కదా అంటుంది.

ఈ వారం బొగ్గుకు కుదిరిన మూడు సంబంధాలూ తప్పిపోయాయి. ఒక ఓనరమ్మ మరీ మర్యాదస్తురాలు. మా పిల్లకి ఇంకా వయసు రాలేదండీ అంది. పోయిన నెల వచ్చిన వయసు ఈ నెల ఎటు పోయిందో.

నాన్న ఈరోజు బొగ్గును వాకింగుకు తీసుకెళ్ళలేదు. అదే భయంగా ఉంది.

ఫిబ్రవరి 9

అక్క పాత దిండు గలీబు కత్తిరించి బొగ్గుకు బనీను కుట్టింది. నాన్నే కుట్టమన్నాడట, మచ్చ కనపడకుండా ఉండాలని. ఇప్పుడు వాడిని వెనక సందులోంచి వాకింగుకు తీసుకెళ్తున్నాడు. గలీబు మీద చిలకలున్నాయి.

ఆ జడ్జిని వదలను.

ఫిబ్రవరి 14, ఉదయం 10

జడ్జి ఫోన్! ఆయన ఆడ లాబ్రడార్ మహారాణి మొన్న ఎదకు వచ్చిందట. ఏడేళ్ళది, ఇదే ఆఖరి కాన్పు. కాంట్రాక్టరు గారి ఛాంపియన్ చక్రవర్తి కావాలట. కాంట్రాక్టరు వేరే ఊళ్ళో వంతెన కడుతున్నాడు. కుక్కనూ దాని వంశం కాగితాలనూ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. కాబట్టి జడ్జి నాతోనే మాట్లాడాలి. ఏమోయ్, కుదురుస్తావా అన్నాడు. ఎవరబ్బాయివి అని అడగలేదు. నాన్న ముఖం ఆయనకు గుర్తుందో లేదో కూడా అనుమానమే. చిత్తం సార్ అన్నాను. నా గొంతులో అంత తేనె ఉందని నాకే తెలియదు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఆడదే మగవాడి ఇంటికి రావాలి. మర్యాద కోసం కాదు. మగకుక్కను కొత్త చోటికి తీసుకెళ్తే ప్రతి గోడా వాసన చూసి, ప్రతి కుండీ తడిపి, వచ్చిన పని మరిచిపోతుంది. అదే చెప్పాను. జడ్జి ఒప్పుకోలేదు. మా మహారాణి ఒకరి గడప తొక్కదు, వాడినే తీసుకురమ్మన్నాడు.

తీసుకొస్తాను సార్. వాడినే.

ఫిబ్రవరి 14, మధ్యాహ్నం

చక్రవర్తి నలుపు. బొగ్గు నలుపు. ఇద్దరూ ఒకే ఎత్తు. మచ్చ మీద కాస్త బూట్ పాలిష్ రాస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

వీధి రక్తాన్ని అంతఃపురంలోకి పంపుతాను. పిల్లలు పుట్టాక, అందరూ మెచ్చుకున్నాక, అదే మైకులో చెప్తాను.

ఫిబ్రవరి 19

బూట్ పాలిష్ కొన్నాను. అక్క అనుమానంగా చూసింది. నీకున్నవి చెప్పులే కదరా అంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పని అయింది. ఇరవై నిమిషాలు. ఓనరు గదిలో ఉంటే ఆడది బెదురుతుందని చెప్పి జడ్జిని పక్క గదిలో కూర్చోబెట్టాను. వ్యాన్‌లోంచి దింపినప్పుడు కూడా ఆయన కుక్కను చూడలేదు. కాగితాలు చూశాడు.

అంతకన్నా రాయను. కొన్ని సంగతులు డైరీకి కూడా తెలియకూడదు.

మార్చి 30

మహారాణికి స్కానింగ్ అయింది. కడుపుతో ఉంది. జడ్జి క్లబ్‌లో అందరికీ చెప్పాడు. నాన్న మాత్రం ఇంకా వెనక సందులోనే నడుస్తున్నాడు.

ఏప్రిల్ 27

ఎనిమిది. అన్నీ నలుపే. జడ్జి ఫొటో తీసి క్లబ్ గ్రూపులో పెట్టాడు. ముక్కులు చూడండి, రక్తమంటే ఇదీ అని రాశాడు. పెద్దమనుషులందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. ఏడు పిల్లలకూ అప్పుడే మాటలు అయిపోయాయి. ఎనిమిదోది ఫీజు కింద మగకుక్క ఓనరు హక్కు. అన్నిట్లోకీ ముందు కోరుకునేది కాంట్రాక్టరే.

ఏప్రిల్ 29

రమ్మని జడ్జి కబురు. వెళ్ళాను.

తూకం వేద్దామని ఏడో పిల్లను వెల్లకిలా తిప్పితే ఛాతీ మీద తెల్ల మచ్చ కనిపించిందట. గుండీ అంత. ఆయన దాన్ని తడిగుడ్డతో తుడిచి తుడిచి చూశాడు. పిల్ల కుయ్‌మంది తప్ప మచ్చ పోలేదు.

మీ ఇంట్లో కుక్క ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఏ జాతి? లాబ్రడార్. రంగు? నలుపు. మీ నాన్నేం చేసేవాడు? డిపోలో టైమ్‌కీపరండీ, ఫిబ్రవరి షోకు వచ్చాడు, మీరు చూశారు కూడా. అన్నీ నిజాలే చెప్పాను.

జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు వ్యాన్‌లోంచి దిగింది ఏ కుక్కరా అన్నాడు. ‘ఏమోయ్’ పోయి ‘రా’ వచ్చింది.

దానికి నేనేం చేశానో తర్వాత రాస్తాను.

ఏప్రిల్ 30

పిల్లల తండ్రెవరో తేల్చే రక్తపరీక్ష ఆయన చేయించొచ్చు. కానీ చక్రవర్తి శాంపిల్ కావాలి, కాంట్రాక్టరు సంతకం కావాలి. ఎందుకు అని కాంట్రాక్టరు అడుగుతాడు. గ్రూపులో పెద్దమనుషులు కూడా అడుగుతారు. మచ్చ ఉంటే వీధి రక్తమని మైకులో చెప్పింది ఎవరు మరి?

మూడు పూటలా హాయిగా భోంచేస్తున్నాను.

మే 2

జడ్జి మా ఇంటికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నాన్న కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు. చేతికర్ర గోడకు ఆనించి, మోకాళ్ళ మీద వంగి, బొగ్గు బనీను ఎత్తి చూశాడు. చిలకల కింద మచ్చ. ఇది జాతిలో ఉన్నదేనండీ, ఆ రోజు వెలుతురు సరిగ్గా లేదు, నేనే పొరబడ్డాను అని నాన్నతో అన్నాడు. అదే మాట క్లబ్ లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి తెచ్చాడు. గ్రూపులో కూడా పెట్టాడట. బొగ్గు ఆయన చెయ్యి నాకాడు. వాడికి పౌరుషం లేదు, నాకుంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

నాన్న పాత అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. జడ్జిగారు రాక: పదకొండు నలభై. పోక: పదకొండు యాభై రెండు.

మే 4, ఆదివారం

బనీను తాడు మీద ఆరుతోంది. నాన్న బొగ్గును మెయిన్ రోడ్డు మీదుగా తీసుకెళ్ళాడు. చొక్కా టక్ చేసుకున్నాడు. వయసు రాని పిల్ల ఓనరమ్మ ఫోన్ చేసింది. వయసు వచ్చిందట.

మే 5

ఆ రోజు వ్యాన్‌లో ఉన్నది చక్రవర్తే. పాలిష్ డబ్బా జేబులో పెట్టుకుని బొగ్గు కోసం వెళ్తే, నాన్న వాడి బనీనుకు ఊడిన గుండీ కుడుతున్నాడు. విప్పలేకపోయాను. డబ్బా మూత ఇంకా తీయలేదు. ఆ పిల్ల మచ్చ ఎక్కడిదో దాని ముత్తాతలను అడగాలి.

ఏ కుక్కరా అని జడ్జి అడిగినప్పుడు నేను చేసింది ఒక్కటే.

నవ్వాను.