ప్రాణాపాయం ఉంటేనే లాగవలెను

బులవాయో

రాత్రి రైలు బెర్తుల ఆఫీసరు ఓబర్ట్ న్యాతీ గారికి మాసిబాండా కోపంతో రాస్తున్న ఉత్తరం. మీరు కులాసాగానే ఉండి ఉంటారు, కుర్చీలో కూర్చునేవాళ్ళకేం!

మీ నోటీసు అందింది. క్షమాపణ రాసిస్తే తప్ప మళ్ళీ మీ రైలెక్కనివ్వరట. రాయను.

జరిగింది వినండి. సరిహద్దు అవతల మహలాప్యేలో కాపురముంటున్న మా పెద్దమ్మాయి నొమలాంగాకి నెలలు నిండాయి. తొలి కాన్పు. డాక్టరు దాన్ని కదలొద్దన్నాడు కాబట్టి నేనే బయల్దేరాను. సరిహద్దు దాటగానే అవతలి దేశం అధికారులు పెట్టెలోకి వచ్చి, నిద్రపోతున్నవాళ్ళందర్నీ లేపి, పాస్‌పోర్టులతో నడవాలో వరసగా నిలబెట్టారు. తలగుడ్డ కూడా కట్టుకోనివ్వలేదు. వెనక్కి తిరిగి చూద్దును కదా, మా అల్లుడు మొథూసి! పుట్టబోయే బిడ్డకి దుప్పట్లు కొనడానికి మా ఊరొచ్చి, అదే రైల్లో తిరిగి వెళ్తున్నాడని నాకేం తెలుసు? పాపం, మొహం గోడకి తిప్పేసుకున్నాడు. ముందు అధికారి, వెనక అల్లుడు. ఎటు పోను? గొలుసు లాగాను. దానికి మీ గార్డు నన్ను ఫ్రాన్సిస్‌టౌన్‌లో దింపి వెనక్కి పంపేశాడు.

తల వంచని
మాసిబాండా

తా.క.: ఈ ఉత్తరం తెచ్చేది మా చిన్నమ్మాయి జబులిలే. దాన్ని ఎండలో నిలబెట్టకండి.

*

బెర్తుల కార్యాలయం

శ్రీమతి మాసిబాండా గారికి నమస్కారములు.

మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. పెద్దావిడ కనబడితే పలకరించకుండా మొహం గోడకి తిప్పుకుంటాడా! ఇలాంటి మర్యాద తెలియని ప్రయాణికుల్ని మా కార్యాలయం సహించదు. మీ అల్లుణ్ణి కూడా నేటినుంచి రైలెక్కకుండా నిషేధించాము. మీకు న్యాయం జరిగిందని తృప్తి పడగలరు. క్షమాపణ మాత్రం రాయవలసిందే. ప్రాణాపాయం ఉంటేనే లాగవలెనని గొలుసు కిందే రాసి ఉంటుంది.

విధేయుడు
ఓబర్ట్ న్యాతీ

తా.క.: మీ అమ్మాయికి కుర్చీ వేశాము. టీ కూడా ఇచ్చాము.

*

బులవాయో

న్యాతీ గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేదు. మర్యాద లేనివాడా, మా మొథూసా? నన్ను రైల్లోంచి దింపితే తనూ దిగి, నేను ఇల్లు చేరేదాకా వేరే పెట్టెలో కూర్చుని నా వెనకే వచ్చాడు! బంగారం అతను. ఆ బంగారాన్ని మీరు నిషేధిస్తే దుప్పట్ల మూటతో స్నేహితుడింట్లో ఇరుక్కుపోయాడు. అక్కడ నా కూతురు ఒంటరిగా ఉంది. నొప్పులొస్తే నీళ్ళు కాచిచ్చేది ఎవరు, మీ గార్డా? ఇద్దర్నీ వెంటనే పంపండి. క్షమాపణ రాయను గాక రాయను.

మాసిబాండా

తా.క.: పొద్దున వచ్చిన పిల్ల సాయంత్రానికి ఇల్లు చేరింది. మీ కుర్చీకి జిగురు రాశారా?

*

బెర్తుల కార్యాలయం

మాసిబాండా అమ్మగారికి,

పొరబాటు తెలుసుకున్నాను. ఇంత ప్రేమ ఉన్న అత్తాఅల్లుళ్ళని విడదీయడం పాపం. మా రైల్లో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకే గది ఇవ్వరు, ఒకే కుటుంబమైతే తప్ప. కనుక వచ్చే శుక్రవారానికి మీ ఇద్దరికీ కలిపి ఒకే గది కేటాయించాను. తలగుడ్డ సర్దుకోవడానికి అద్దం ఉంది. ఎవరూ మీ కబుర్లకి అడ్డం రాకుండా తలుపుకి గడియ కూడా ఉంది. క్షమాపణ ఒక్క ముక్క రాస్తే చాలు, నాలుగు ముక్కలు అక్కర్లేదు.

మీ శ్రేయోభిలాషి
ఓబర్ట్

తా.క.: అమ్మాయి తెచ్చిన వేయించిన మొపానే చెట్టు పురుగులు అద్భుతం. మీ చేతివంటేనట.

*

బులవాయో

ఒరే ఓబర్ట్!

గదా? గడియా? అయ్యో, అయ్యో! నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. నిన్నెవరు పెంచారురా, రైల్వే క్వార్టర్సులో గోడలా? మనలో అత్త అల్లుడి ఎదుట పడదు. అల్లుడు అత్త మొహం చూడడు. ఒకే కప్పు కింద పడుకోరు, రైలు పెట్టెకైనా కప్పు కప్పే! మొహం తిప్పుకోవడమే మర్యాద. పరువు పోయాక ప్రాణం ఎందుకు? అదే నాకు ప్రాణాపాయం!

నీ రైలూ వద్దు, నీ గదీ వద్దు. పట్టాల వెంట నడిచే వెళ్తాను. నీ రైలు నా వెనక నిదానంగా రానీ, నేను పక్కకి జరగను.

మాసిబాండా

తా.క.: ఆ పురుగులు బాలింతరాలి కోసం ఎండబెట్టుకున్నవి! జబులిలే ఉత్తరం లేని రోజు కూడా మీ ఆఫీసుకి తయారవుతోంది. దానికి తోడు నిన్న ఎవరో ఇద్దరు పెద్దమనుషులు పిల్లనడగొచ్చేవాళ్ళ ఆచారం ప్రకారం గేటు బయట నిలబడి, మీ ఇంట్లో పిల్ల ఉందని విని వచ్చామని కేకలు. నీ మీద కోపంలో ఎవరి తరఫునో కూడా నేను అడగలేదు. మా ఆయనే కూర్చోబెట్టి మాట్లాడాడు.

*

బెర్తుల కార్యాలయం

గోడవైపు తిరిగి కూర్చుని రాసి, మా మేనత్త చేత పంపుకుంటున్న విన్నపం.

మీరు మహలాప్యే నుంచి రెండు సంగతులు అడిగి పంపారని జబులిలే చెప్పింది.

మొదటిది, క్షమాపణ లేకుండా టికెట్టు ఎలా వచ్చిందని. గొలుసు లాగిన కారణం దగ్గర "ప్రాణాపాయం" అని రాసి నేనే నిషేధం కొట్టేశాను. మిమ్మల్ని చివరి పెట్టెలో, మొథూసి అన్నగారిని మొదటి పెట్టెలో వేశాను.

రెండోది, ఈసారి మీరు వెళ్ళిన రాత్రి సరిహద్దు దాటాక మీ పాస్‌పోర్టు చూసి అధికారి "మాసిబాండా" అని పైకి చదవగానే, తనిఖీకి వచ్చిన రైల్వేవాడొకడు మొహం గోడకి తిప్పుకుని, గొలుసు లాగి, దూకి పారిపోయాడు కదా, వాడెవడని. నేనే. తనిఖీ చేసుకుంటూ చివరి పెట్టె దాకా వచ్చేశానని చూసుకోలేదు. మీ గేటు బయట కేకలేసిన పెద్దమనుషులు నా తరఫు వాళ్ళే. మామగారు సరేనన్నారు. మీ కోపం చల్లారాక చెబుదామని ఆగారట.

అక్కణ్ణుంచి మహలాప్యే దాకా ఇంజన్లో బొగ్గుమసి పూసుకుని నిలబడ్డాను. రైలు ఆలస్యమైనా మీరు నీళ్ళు కాచే వేళకి చేరారని, మనవరాలు పుట్టిందని విని ఏడ్చేశాను. మీకు కనబడని చోటే ఏడ్చాను.

ఇప్పుడు పైఅధికారులు నాకు నోటీసు ఇచ్చారు. క్షమాపణ రాస్తే తప్ప రైలెక్కనివ్వరట.

రాయను.

మీ చిన్నల్లుడు
ఓబర్ట్

తా.క.: ఇకమీదట మీరు నాకు నేరుగా ఉత్తరాలు రాయకూడదని మా మేనత్త అంటోంది. తిట్లు జబులిలే చేత పంపండి. కుర్చీ ఖాళీగానే ఉంచాను.