ఆ దీవి కొబ్బరికాయలు

సుశీలా,

నువ్వు పోయి ఏడాదైందని, నువ్వు చివరగా చదివిన నవల మీదే మీ కాల్గరీ పుస్తకాల బృందం నిన్న సమావేశం పెట్టింది. అది పసిఫిక్ దీవివాళ్ల కథ. పరాయి సైన్యం అక్కడ అణుబాంబులు పేల్చి, వాళ్ల చెట్లకు కాసిన కొబ్బరికాయల్లోకి ఆ విషం ఎక్కిందని, ఇక తినొద్దని వాళ్లకే చెబుతుంది. ముసలమ్మ మనవరాలి నోట్లోంచి కొబ్బరిముక్క లాగేసే చోట నువ్వు చదవలేక పుస్తకం నాకిచ్చేశావు. మిగతాది నువ్వు పోయాక, డిక్షనరీ పక్కన పెట్టుకుని నేనే చదివాను.

సమావేశం పెట్టిన మాధవి వాళ్లింట్లో అడుగుపెట్టగానే ఆ అమ్మాయి నా మెడలో ప్లాస్టిక్ పూలదండ వేయబోయింది. బల్ల నిండా కొబ్బరినీళ్ల గ్లాసులు, ఒక్కోదానిలో ఒక కాగితపు గొడుగు.

"ఇదేంటమ్మా?"

"ఐలాండ్ థీమ్ అంకుల్! బయట ఇంత స్నో కదా, కాస్త బీచ్ ఫీల్ ఉంటుందని."

"పుస్తకం చదివావా?"

"స్టార్ట్ చేశా అంకుల్. మరీ హెవీగా ఉందని సమ్మరీ చూశా."

"అంకుల్ వైవా పెట్టేస్తున్నారు, పారిపోండి!" అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

ఆ గ్లాసులన్నీ ఒక్కొక్కటిగా తీసుకెళ్లి వంటింటి సింకులో ఒంపేశాను. మాధవి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆంటీ అయితే ఇలా చేసేవారు కాదు అంకుల్," అంది.

నిజమే. నువ్వైతే ఆ పిల్ల నొచ్చుకుంటుందని దండ వేయించుకుని, ఆ నీళ్లు తాగి, ఇంటికొచ్చి ఏడ్చేదానివి. నాకు ఆ మంచితనం లేదు. తెచ్చుకోవాలనీ లేదు.