దుప్పటి కప్పిన క్యాన్

జనవరి 2021, మంగళవారం, భేస్తాన్

సూరత్‌లో ఇంత చలి ఎన్నడూ చూడలేదు. ఇక్కడ మద్యనిషేధం కనుక దొంగచాటుగా పెట్టిన జొన్న బీరు ఈ చలికి పులియదేమోనని నా దుప్పటి క్యాన్‌కు కప్పాను. నాలుగు రోజులుగా నేను కార్ఖానా చీర ముక్కలే కప్పుకుంటున్నాను. రోజూ మూత తీసి చూస్తే వాసనే లేదు. పొద్దున ఇంకో బెల్లం గడ్డ వేశాను.

సాయంత్రం, నాతో గదిలో ఉండే రాజన్న మగ్గాల కాడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"ఏందిరా గిది, గల్లీ మొగదాంక కల్లు దుకాణం లెక్క వాసనొస్తుంది. కిటికీ అస్సలు తెరువకు. పోలీసోళ్లొస్తె ఇద్దరం లోపల్నే."

పులిసిందన్న సంతోషంతో క్యాన్ మీదికి వంగాను. ఏ వాసనా రాలేదు. ఉల్లిగడ్డ నలిపి చూశాను. అదీ లేదు.

కరోనాయే. నాలుగు రోజులుగా చలికని అన్నీ బిగించుకుని ఒకే గదిలో ఉన్నాం.

ఆ మాటే రాజన్నతో అన్నాను. అతను తనే వెళ్లి కిటికీ బార్లా తెరిచాడు.

"పోలీసోళ్లొస్తె రానీ," అన్నాడు. క్యాన్ మీది దుప్పటి తీసి నా మీదికి విసిరాడు.

చల్లగాలి నేరుగా అతని మీదికే వస్తోంది. ఇప్పుడే ఒకసారి దగ్గాడు. చలికే అయి ఉంటుంది.