సైరన్ కొడితేనే పాలు

జూన్ 4, బుధవారం. సాయంత్రం 5:10
ఆడపిల్ల! రెండు కిలోల తొమ్మిది వందలు! బెల్లంపల్లి అంతా వినిపించేలా ఏడ్చింది. అరగంటలోపే మమత ముర్రుపాలు పట్టింది. మా అవ్వ తేనె సీసా తీసింది. అడ్డం నిలబడ్డాను.

"గింత నాలుకకు రాస్తే ఏమైతదిరా?"

"ఏం రాయకవ్వా. ఆరు నెలలు తల్లిపాలే. నీళ్లు గుడ వద్దట."

నర్సు నూరీన్ సిస్టర్ చెప్పినవన్నీ రాసుకున్నాను. బిడ్డకు విరేచనాలు, న్యుమోనియా తక్కువ. తల్లికి కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గుతుంది. ముందు ముందు రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుందట. ఇంకేం కావాలి!

తీర్మానం: నూట ఎనభై రోజులు, ఒక్క నాగా లేకుండా. పదేళ్లుగా బొగ్గుబాయిలో మస్టర్ రాస్తున్నవాణ్ణి. హాజరు ఎలా నింపాలో నాకొకరు చెప్పాలా?

జూన్ 7. మధ్యాహ్నం 12:00
అత్తమ్మ చెయ్యి విరగడంతో బాలింతను మా క్వార్టర్‌కే తెచ్చాం. గోడకు చార్టు అంటించాను. మూడు షిఫ్టులు, షిఫ్టుకు రెండుసార్లు పాలు. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి బాయి సైరన్. నడుమ నా ఫోన్ అలారం.

సిస్టర్ "అడిగినప్పుడల్లా పట్టుండ్రి" అంది. నిజమే. కానీ క్రమశిక్షణ కూడా ఉండాలి కదా!

మమత చార్టు చూసి కుట్లు నొప్పెట్టేలా నవ్వింది. "బిడ్డను గుడ బాయిల దింపుతవా ఏందయ్యా?"

జూన్ 10. ఉదయం 10:40
ఏడింటి సైరన్‌కు తాగింది. తొమ్మిదికే ఏడుపు. పదకొండు దాకా ఆగాలి కదా! ఎత్తుకుని వసారాలో తిప్పాను. గంటన్నర! చేతులు పడిపోయాయి.

"ఆకలైతే ఏడుస్తది గని, సైరన్ ఇని ఏడుస్తదారా పొల్ల?" అంది అవ్వ.

"అలవాటైతది తియ్యి."

నిన్నటి హాజరు: ఆరుకు ఆరు. శభాష్ కొండల్!

జూన్ 14
మూడింటి సైరన్‌కు పాప లేవలేదు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఇది నాగా కాదు, సెలవు. మమతకు రొమ్ములు గడ్డకట్టి ఒకటే నొప్పి. నాకు రాత్రి డ్యూటీకి టైమైంది.

జూన్ 18. ఉదయం 11:30
పక్క క్వార్టర్ సరోజనక్క పాపను చూడ్డానికొచ్చింది.

"గిట్ల సన్నబడ్డదేంది?"

ఆమె వెళ్లాక మమత గోడవైపు తిరిగింది. "నా పాలు సాల్తలేవేమో. నా పాలల్ల సత్తువ లేదేమో." పాప నిన్నంతా మూడు బట్టలే తడిపింది.

అవ్వ కూడా మాట మార్చింది. "పాలు తక్కువున్నయిరా. డబ్బ పాలు తే."

తెచ్చాను. ఊరికే ఇంట్లో ఉంటుందని. డబ్బా కొనడం, పట్టడం ఒకటి కాదు.

జూన్ 19. ఉదయం 9:15
పట్టాను. గిన్నె, చెంచా మరిగించి నేనే పట్టాను. గుటగుటా తాగి నిద్రపోయింది. అవ్వ సంబరపడింది. మమత మాత్రం "ఇగ నాతోని ఏం పని దానికి?" అంది. నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నిండి ఉన్నాయి.

నాగా పడింది. అంతకంటే రాయలేను.

జూన్ 20. ఉదయం 10:00
నూరీన్ సిస్టర్ వచ్చి తూకం వేసింది. రెండు కిలోల ఏడు వందల యాభై. పుట్టినప్పటికంటే తక్కువ! గోడ మీది చార్టు చదివింది. మళ్లీ చదివింది.

"ఇది ఎవరి తెలివి?"

అవ్వ నన్ను చూపించింది.

"కొండలన్నా, పొల్ల ఎంత తాగితే పాలు అంత వడ్తయి. తాగనియ్యకుంట తిప్పుకుంట, పాలు లేవంటరా?"

సిస్టర్ మమత పక్కన కూర్చుని పాపను ఎలా పట్టుకోవాలో చూపించింది. రోజుకు ఎనిమిది, పదిసార్లయినా పట్టమంది. పాప నోరు పెద్దగా తెరిచి అందుకుంది. "ఇగో, మింగుతున్న సప్పుడు ఇను. నీ పాలకేం కాలేదమ్మా."

"నేను మొదటినుంచే చెప్తున్న," అంది అవ్వ. తేనె సంగతి, డబ్బా సంగతి మరిచిపోయినట్టుంది.

చార్టు చింపేశాను. తప్పు నాదేనని మమతతో చెప్పాను. "ఎరికే," అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 27. సాయంత్రం 5:40
మూడు కిలోల యాభై గ్రాములు! వారం రోజులుగా డబ్బా మూత తీయలేదు. బట్టలు మాత్రం ఉతకలేక చస్తున్నాను. రోజుకు ఎనిమిది, తొమ్మిది!

తూకం చూసిన మమత సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "పెరిగినదంత నా పాలతోనేనా సిస్టర్?"

"నీ పాలతోనే."

మమత ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తీర్మానం, మళ్లీ మొదటినుంచి: ఆరు నెలలు తల్లిపాలే. వేళలు పాప ఇష్టం.

6:05. పాప తాగింది.

6:25. మళ్లీ ఏడుస్తోంది. ఇప్పుడే కదా తాగింది అనబోయాను. మమత చేతులు చాచింది. నోరు మూసుకుని పాపను అందించాను.