ఆమెన్ బదులు తథాస్తు

గురువారం, రాత్రి

మా కాలేజీలో ఎప్పుడూ క్రైస్తవ పిల్లలే చేసే అసెంబ్లీ ప్రార్థనను ఈరోజు తొలిసారి లావణ్యతో చేయించాను. పెడనలో మగ్గం నేసే హిందువుల ఇంటి పిల్ల. పరీక్షల కోసం, వానల కోసం చక్కగా ప్రార్థించింది. చివర్లో తడబడి, ఆమెన్ బదులు "తథాస్తు" అనేసింది. హాలంతా ఒకటే నవ్వు.

తర్వాత నా గదికొచ్చి ఏడ్చింది. "సారీ మేడమ్. మంచిమాట వింటే మా నాయనమ్మ అలాగే అంటుందండీ. నోటికొచ్చేసింది."

"రెండిటికీ అర్థం ఒకటేలేమ్మా. సోమవారం కూడా నువ్వే చెయ్యి."

అన్నానే గానీ, కమిటీ పెద్దలు ఊరుకుంటారా? "ఇది మన మిషన్ కాలేజీయేనా, ప్రిన్సిపాల్ గారూ?" అంటారు. అననీ. గోడ మీది సిలువ ఎక్కడికీ పోలేదుగా.

ఇందాక భోజనం ముందు కళ్లు మూసుకుని ప్రార్థించి, ఆమెన్ అన్నాను. అవతల ఎవరో తథాస్తు అన్నట్టనిపించింది.